పి0700 అంటే గేర్‌బాక్స్ పోయిందని కాదు

ఆటోమేటిక్ కారు నడిపేవాళ్లకు చెక్ ఇంజిన్ లైటు వెలిగితే పట్టుకునే భయమే వేరు. మాన్యువల్ కారైతే క్లచ్ ప్లేటో, కేబులో అయి ఉంటుందిలే అనుకుంటాం. ఎంత ఖర్చవుతుందో సుమారుగా ఊహించగలం. ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ అంటే మూతేసిన పెట్టె. లోపల ఏముందో చాలామంది ఓనర్లు ఎప్పుడూ చూసి ఉండరు. అందుకే వర్క్‌షాప్‌లో ఎవరైనా "గేర్‌బాక్స్ మార్చాలి సార్" అనగానే తిరిగి ఏం అడగాలో మనకి తోచదు. లక్ష దాటే బిల్లుకి కూడా తలూపేసి వచ్చేస్తాం.

కార్ల రిపేరు నా వృత్తి కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున లేస్తే ఎర్రర్ లాగ్స్ చదవడమే పని. ఏదో ఒకటి ఆగిపోతుంది, ఒక లైను ఎర్రగా కనిపిస్తుంది, ఆ లైను పట్టుకుని అసలు తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లాలి. కిందటి వానాకాలం మా మావయ్య కారు విషయంలో ఈ అలవాటే పనికొచ్చింది.

మావయ్య ఖమ్మంలో ఉంటారు. 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇక క్లచ్ తొక్కొద్దన్నారు డాక్టరు. డ్రైవింగ్ మానేయడం మాత్రం ఆయన వల్ల కాలేదు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి 3 లక్షల 40 వేలు పెట్టి 9 ఏళ్ల పాత ఆటోమేటిక్ కారు కొన్నారు. నాలుగు గేర్లు, టార్క్ కన్వర్టర్ రకం. ఎడమ కాలికి పని లేదు. అత్తయ్యను వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదీ, తీసుకొచ్చేదీ ఆ కారులోనే.

జులైలో ఒకరోజు వైరా రోడ్డు మీద వెళ్తుంటే లైటు వెలిగింది. ఆ తర్వాత ఎక్కడైనా ఆగి మళ్లీ బయల్దేరాలంటే కారు కదలనని మొండికేసింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మూలుగుతుంది, బండి మాత్రం నింపాదిగా కదులుతుంది. దగ్గర్లో ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే చిన్న మెషీన్ ఒకటి తగిలించి, ఐదు నిమిషాల్లో తేల్చేశారట. గేర్‌బాక్స్ కోడ్ వచ్చింది. రీకండిషన్డ్ గేర్‌బాక్స్ వేయాలి. లక్షా 35 వేలు.

ఆ రాత్రి మావయ్య ఫోన్ చేశారు. "అల్లుడూ, బండి అమ్మేద్దామనుకుంటున్నా. ఈ కండిషన్‌లో లక్ష ఇస్తానంటున్నాడు ఒకతను" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఆ మెషీన్ స్క్రీన్ మీద ఏం వచ్చిందో ఫొటో తీశారా మావయ్యా?" అని అడిగాను. తీశారు. వాట్సాప్‌లో పంపారు. దాంట్లో ఉన్నది ఒకే ఒక్క కోడ్. పి0700.

ఐదు అక్షరాల భాష

ఈ కోడ్‌లు చదవడం పెద్ద విద్యేం కాదు. మొదటి అక్షరం ఏ విభాగమో చెబుతుంది. పి అంటే పవర్‌ట్రెయిన్, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. బి అంటే బాడీ. సి అంటే ఛాసిస్. యు అంటే కారులోని కంప్యూటర్ల మధ్య నడిచే నెట్‌వర్క్. రెండో స్థానంలో 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం వచ్చే కోడ్. 1 ఉంటే సాధారణంగా ఆ కంపెనీ సొంతంగా పెట్టుకున్నది. మూడో స్థానంలో 7 గానీ 8 గానీ కనిపిస్తే గేర్‌బాక్స్ వైపు సంగతి. చివరి రెండు అంకెలు ఆ విభాగంలో ఏ ఫిర్యాదో చెబుతాయి.

ఈ పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది. పెట్టింది మెకానిక్‌ల సౌకర్యం కోసం కాదు, పొగ కోసం. కారు పాతబడ్డాక ఏదైనా చెడిపోయి పొగ ఎక్కువ వదిలితే ఓనరుకి తెలియాలి, అందుకు ఒక లైటు వెలగాలి అన్నది చట్టం ఉద్దేశం. మన దేశంలోనూ కాలుష్య నిబంధనలతో పాటే ఇది వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 కార్లన్నింటిలో ఉంది. అంతకు ముందు వచ్చిన చాలా కార్లలోనూ ఉంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అదే ఆ కిటికీ.

పొగ కోసం పుట్టిన పద్ధతి కాబట్టి గేర్‌బాక్స్ గురించి మొత్తం కథ ఈ ఒక్క లైటు చెప్పేయదు. అందుకే పి0700 లాంటి కోడ్ అవసరమైంది.

పి0700 చెప్పేది ఇంతే

మావయ్య కారు లాంటి వాటిలో ఇంజిన్‌కి ఒక కంప్యూటర్, గేర్‌బాక్స్‌కి వేరే కంప్యూటర్ ఉంటాయి. డాష్‌బోర్డు మీది లైటు వెలిగించే అధికారం ఇంజిన్ కంప్యూటర్‌ది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి ఏదైనా తేడా కనిపిస్తే తన డైరీలో ఆ వివరం రాసుకుని, ఇంజిన్ కంప్యూటర్‌తో "లైటు వెయ్యి" అంటుంది. ఇంజిన్ కంప్యూటర్ లైటు వేసి, తన డైరీలో పి0700 అని రాసుకుంటుంది. దాని అర్థం: "గేర్‌బాక్స్ వైపు నుంచి ఫిర్యాదు వచ్చింది. వివరాలు అక్కడే అడగండి."

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేసి "సార్, మీ ఫ్లాట్ లోంచి ఏదో చప్పుడొస్తోంది" అన్నట్టు. అది కుక్కర్ విజిలా, కుళాయి పగిలిందా అన్నది వాచ్‌మన్‌కి తెలియదు. తలుపు తీసి చూడాలి.

మా ఆఫీసు భాషలో అయితే ఇది 500 ఎర్రర్. సర్వర్‌లో ఎక్కడో తేడా వచ్చిందని తప్ప ఇంకేం చెప్పదు. 500 ఎర్రర్ చూసి కొత్త సర్వర్ కొందాం అన్న మేనేజర్‌ని నేనింతవరకు చూడలేదు. కారు విషయానికి వచ్చేసరికి మాత్రం అచ్చం అలాంటి సలహాకే లక్షా 35 వేల ఎస్టిమేట్ వచ్చింది.

వర్క్‌షాప్ వాళ్లు మోసం చేశారని నేను అనడం లేదు. చవక స్కానర్లలో చాలా వరకు ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ అడాప్టర్లు, ఫోన్‌లో ఫ్రీ యాప్‌లు కూడా మామూలుగా అంతవరకే వెళ్తాయి. వాటికి పి0700 కనిపిస్తుంది, దాని వెనకున్న అసలు కోడ్ కనిపించదు. కాబట్టి ఎవరికైనా ఆ ఒక్క కోడ్ మాత్రమే వచ్చిందంటే నేను చెప్పే మొదటి మాట: స్కాన్ ఇంకా సగమే అయింది.

"మావయ్యా, బండి అమ్మకండి. ఆ కోడ్ చెరిపేయనివ్వకండి. శనివారం వస్తా" అన్నాను.

కోడ్ చెరిపేస్తే ఏం పోతుంది?

చెరపొద్దని ఎందుకన్నానో చెప్పాలి. చాలా చోట్ల మొదట చేసే పని ఇదే. స్కానర్‌లో క్లియర్ బటన్ నొక్కుతారు, లేదా బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. లైటు ఆరిపోతుంది. ఓనరు సంతోషంగా ఇంటికెళ్తాడు. లోపం అలాగే ఉంటుంది కాబట్టి లైటు మళ్లీ వెలుగుతుంది.

పోయేది టైమ్ ఒక్కటే అయితే ఫర్వాలేదు, సాక్ష్యం కూడా పోతుంది. కోడ్ నమోదైన క్షణంలో కారు ఎలా ఉందో కంప్యూటర్ చిన్న ఫొటోలా దాచి పెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది, వేగమెంత, ఇంజిన్ ఎంత వేడెక్కింది, ఎంత బరువు లాగుతోంది లాంటివి అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే ఈ ఫొటో కూడా చెరిగిపోతుంది.

స్పీడు సున్నా

శనివారం పొద్దున ఖమ్మం బస్సు దిగాను. ఫ్లాట్‌బెడ్ మీద బండిని ఊళ్లోనే ఉన్న ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి చేర్చాం. చిన్న షెడ్డు, ఒక్కడే కుర్రాడు సహాయం. కానీ ఆయన దగ్గర గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ ఉంది.

ఆయన ముందు స్కానర్ తీయలేదు. మల్టీమీటర్ తీసి బ్యాటరీ చూశారు. ఇంజిన్ ఆపి ఉండగా 12.5 వోల్టులు. స్టార్ట్ చేశాక 14.1. "బాగానే ఉంది. బ్యాటరీ వీక్ అయితే ఉన్నవీ లేనివీ అన్ని కోడ్‌లూ వస్తాయన్నా" అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. కంప్యూటర్లకు సరిపడా వోల్టేజీ అందకపోతే అవి చెప్పే ఏ మాటా నమ్మలేం.

తర్వాత గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని అడిగితే అసలు కోడ్ బయటపడింది. పి0722. అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదు.

గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో ఒక సెన్సర్ చూస్తుంది. చక్రాల వైపు వెళ్లే షాఫ్ట్ వేగాన్ని ఇంకొకటి చూస్తుంది. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వచ్చేదే గేర్ నిష్పత్తి. ఉదాహరణకి ఒక గేరులో లోపలి షాఫ్ట్ 2,000 సార్లు తిరిగితే బయటి షాఫ్ట్ 1,000 సార్లు తిరగాలనుకోండి. నిష్పత్తి 2. కంప్యూటర్ అనుక్షణం ఈ లెక్క వేసుకుంటూనే ఉంటుంది. బయటి షాఫ్ట్ వేగం తెలియకపోతే లెక్క కుదరదు. ఏ గేరులో ఉన్నామో, ఎప్పుడు మార్చాలో దానికి అర్థం కాదు.

అప్పుడది చేసే పని చాలా బుద్ధిమంతుల పని. లోపల ఏమీ విరగ్గొట్టుకోకుండా, గేర్లు మార్చడం మానేసి ఒకే గేరులో ఉండిపోతుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. కుంటుకుంటూ అయినా ఇల్లు చేరమని. మావయ్య కారులో అది మూడో గేరు. ఆగిన బండిని మూడో గేరులో కదిలించాలంటే ఎంత నీరసంగా ఉంటుందో బస్సు నడిపినాయనకి వేరే చెప్పక్కర్లేదు. గేర్‌బాక్స్ చచ్చిపోయిందనుకున్నది నిజానికి గేర్‌బాక్స్ తనని తాను కాపాడుకోవడం.

ఇక ఫ్రీజ్ ఫ్రేమ్ తీశాం. ఇంజిన్ 91 డిగ్రీలు. ఆర్‌పీఎం 2,100. లోడ్ 46 శాతం. స్పీడు 0.

"ఆగి ఉన్నప్పుడు వచ్చినట్టుంది కోడ్" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

మావయ్య ఒప్పుకోలేదు. "ఆగి లేనయ్యా. అరవైలో ఉన్నా. లైటు వెలిగే ముందు ముల్లు టపుక్కున కిందికి పడి లేచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గుంటలో పడ్డప్పుడల్లా పడింది. కిందటి వారం కూడా ఒకసారి అట్లాగే పడింది, లైటు రాలేదు."

షెడ్డులో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. స్పీడోమీటర్ ముల్లు పడి లేచింది. గుంటలో పడ్డప్పుడల్లా. ఆ కారులో స్పీడోమీటర్‌కి వేగం సమాచారం అందేది కూడా ఆ సెన్సర్ నుంచే.

"ఈ మాట వర్క్‌షాప్‌లో చెప్పారా మావయ్యా?"

"ఎవరడిగారు?"

31 ఏళ్లు డాష్‌బోర్డు చూస్తూ బతికిన మనిషి. అంత పెద్ద బస్సులో ఎక్కడ ఏ బోల్టు వదులైందో చప్పుడుని బట్టి చెప్పేవారు. ఆయన దగ్గర మొత్తం కేసుకి సరిపడా వాంగ్మూలం ఉంది. మెషీన్ మాట్లాడింది కదా అని మనిషిని అడగడం మానేశారు.

లాగ్‌లో స్పీడు 0 అని ఉంది. మనిషి 60 అంటున్నాడు. 46 శాతం లోడ్‌తో ఇంజిన్ లాగుతోందంటే బండి నిలబడి ఉండే అవకాశం తక్కువే. అంటే మావయ్య మాటే నిజం. బండి పరుగెడుతూనే ఉంది, దాన్ని చూసే కన్ను మాత్రం క్షణం సేపు మూసుకుంది. గుంటలో పడితే మూసుకుని మళ్లీ తెరుచుకుంటోందంటే మొదట అనుమానించాల్సింది వైరునీ, కనెక్టర్‌నీ.

వైరు ఊపితే తెలిసింది

ఇలాంటి చోట కొంతమంది వెంటనే కొత్త సెన్సర్ వేసేస్తారు. కోడ్‌లో సెన్సర్ పేరు ఉంది కదా అని. కానీ కోడ్ చెప్పింది సిగ్నల్ రావడం లేదని మాత్రమే. సెన్సర్ నుంచి కంప్యూటర్ దాకా కనెక్టర్, వైరు, ఇంకో కనెక్టర్ ఉన్నాయి. ఎక్కడ తెగినా కంప్యూటర్‌కి కనిపించేది ఒకటే నిశ్శబ్దం.

ఎలక్ట్రీషియన్ కారుని లిఫ్ట్ ఎక్కించి, చక్రాలు గాల్లో తిరిగేలా పెట్టారు. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి నన్ను చూస్తుండమన్నారు. అవుట్‌పుట్ స్పీడ్ అంకె నిలకడగా నడుస్తోంది. ఆయన కింద నుంచి పొడవాటి ప్లాస్టిక్ కర్రతో వైర్ల కట్టని ఒక్కో చోట మెల్లగా కదిలిస్తూ వచ్చారు. ఒక చోట అంకె సున్నాకి పడింది. వదిలేస్తే లేచింది. మళ్లీ కదిలిస్తే పడింది. (ఇది ఇంట్లో జాకీ పెట్టి చేసే పని కాదు. తిరిగే చక్రాల కింద చెయ్యి పెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయాలి.)

ఇంజిన్ ఆపి కనెక్టర్ ఊడదీస్తే విషయం కళ్లకి కనిపించింది. లాక్ చేసే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. సందులోంచి వాన నీళ్లు వెళ్లి ఒక పిన్ను ఆకుపచ్చగా తుప్పు పట్టింది. కట్టని పట్టి ఉంచాల్సిన క్లిప్పు ఊడిపోవడంతో వైరు ఒక ఇనుప బ్రాకెట్‌కి రాసుకుని పైతొడుగు అరిగిపోయింది.

సెన్సర్‌ని వేరుగా పరీక్షించారు. బాగానే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కొత్త కనెక్టర్, కొత్త పిన్నులు, అరిగిన ముక్క తీసేసి కొత్త వైరు, దాని మీద స్లీవ్, కొత్త క్లిప్పు. రెండున్నర గంటల పని. బిల్లు 850 రూపాయలు. ఫ్లాట్‌బెడ్‌కే అంతకంటే ఎక్కువైంది.

అప్పుడు కోడ్ చెరిపాం. సాక్ష్యం తీసుకున్నాక, లోపం సరిచేశాక, చివర్లో. తర్వాత మావయ్య నడుపుతుంటే నేను పక్కన స్కానర్ పట్టుకుని కూర్చున్నా. వైరా దాకా వెళ్లి వచ్చాం. దారిలో ఏ గుంటనీ ఆయన తప్పించలేదు. కావాలనే దింపారు. ముల్లు పడలేదు. నాలుగు గేర్లూ ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. నిష్పత్తులు లెక్క ప్రకారం ఉన్నాయి. బాగుచేశాం అనుకోవడానికి లైటు ఆరితే చాలదు. ఏ పరిస్థితిలో పాడైందో అదే పరిస్థితిలో మళ్లీ నడిపి చూడాలి. మేం దాన్ని టెస్టింగ్ అంటాం. మావయ్య ట్రయల్ అంటారు.

నిజంగానే గేర్‌బాక్స్ పోతే?

ప్రతి గేర్‌బాక్స్ కోడూ 850 రూపాయలతో పోతుందని చెప్పడం అబద్ధమవుతుంది. లోపల క్లచ్‌లు అరిగిపోయే కేసులు ఉంటాయి. వాటి లక్షణాలు వేరు.

పి0731 నుంచి పి0734 వరకు కోడ్‌లు ఒకటి నుంచి నాలుగు గేర్లలో నిష్పత్తి తప్పిందని చెబుతాయి. రెండు సెన్సర్లూ సక్రమంగా పనిచేస్తూ, ఒక గేరులో మాత్రం పదే పదే లెక్క తప్పుతుంటే ఆ గేరు పట్టు జారుతోందని అర్థం. దాంతో పాటు గేర్ ఆయిల్ నల్లబడి, మాడు వాసన వస్తుంటే, డ్రెయిన్ చేసినప్పుడు లోహపు పొడి ఎక్కువగా కనిపిస్తే గేర్‌బాక్స్ విప్పక తప్పదు. సెన్సర్లు, వైర్లు, ఆయిల్ మట్టం అన్నీ చూశాక ఆ మాట చెబితే నమ్మొచ్చు.

పి0750 వరసలోవి షిఫ్ట్ సోలెనాయిడ్ల కోడ్‌లు. సోలెనాయిడ్ అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు. గేరు మార్చడానికి ఆయిల్‌ని అటూ ఇటూ మళ్లించేది అదే. చాలా గేర్‌బాక్సుల్లో దీని కోసం మొత్తం దించక్కర్లేదు, కింది పళ్లెం విప్పితే అందుతుంది. పి0741 టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ సరిగ్గా పట్టడం లేదని చెబుతుంది. కారణం కన్వర్టరే కావచ్చు, ఒక సోలెనాయిడ్ కావచ్చు, పాతబడిన ఆయిల్ కావచ్చు. పి0218 అంటే ఆయిల్ అతిగా వేడెక్కింది. యు0101 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాటలు తెగిపోయాయి. ముందు ఫ్యూజు, పవర్ వైరు, ఎర్త్ చూడాలి.

మన రోడ్ల మీద ఆటోమేటిక్ అని పిలిచేవన్నీ ఒకే జాతివి కావని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2014లో మారుతి సెలేరియోతో జనానికి దగ్గరైన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌నీ గేరునీ మన బదులు ఒక యంత్రం కదుపుతుంది. దాంట్లో బ్రేక్ పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పాడైనా బండి గేరు తీసుకోకుండా మొండికేయొచ్చు. సీవీటీలో గేర్లే ఉండవు. రెండు కప్పీల మధ్య బెల్టు నడుస్తుంది. దానికి దాని ఆయిలే పోయాలి. ఎర్రగా ఉందని వేరే ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి అసలుకే మోసం వస్తుంది. డ్యూయల్ క్లచ్ రకంలో, ముఖ్యంగా డ్రై క్లచ్ ఉన్నవాటిలో, ట్రాఫిక్‌లో బ్రేక్ వదులుతూ పడుతూ పాకించడం వల్ల క్లచ్ వేడెక్కుతుంది. చల్లారాక మళ్లీ మామూలుగా నడవొచ్చు. కాబట్టి కోడ్‌ని ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు మీ కారులో ఏ రకం గేర్‌బాక్స్ ఉందో కలిపి వెతకండి. లేకపోతే పక్కింటివాళ్ల జబ్బుకి మందు మీరు వేసుకున్నట్టే.

అడగాల్సిన ఐదు ప్రశ్నలు

వర్క్‌షాప్‌లో గొడవ పడక్కర్లేదు. మర్యాదగానే ఈ ఐదూ అడగండి.

ఒకటి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని విడిగా స్కాన్ చేశారా? అన్ని కోడ్‌ల ఫొటో ఇస్తారా?

రెండు, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏముంది? చెరిపే ముందు దాన్నీ ఫొటో తీసుకోండి.

మూడు, బ్యాటరీ వోల్టేజీ, గేర్ ఆయిల్ మట్టం, రంగు చూశారా? ఆయిల్ మట్టం కంపెనీ చెప్పిన వేడి దగ్గర, చెప్పిన పద్ధతిలోనే చూడాలి. కొన్ని కార్లకి డిప్‌స్టిక్ కూడా ఉండదు.

నాలుగు, కోడ్‌లో పేరున్న భాగాన్ని మార్చే ముందు దాని వైరు, కనెక్టర్ పరీక్షించారా?

ఐదు, మార్చాక ఇదే లోపం కాదని తేలితే ఏం చేస్తారు? ఈ ప్రశ్నకి వచ్చే జవాబులోనే వాళ్లకి తమ నిర్ణయం మీద ఎంత నమ్మకముందో తెలిసిపోతుంది.

బండి లింప్ మోడ్‌లో ఉంటే హైవే ఎక్కకండి. వెనకొచ్చే లారీకి మీ బండి ఎందుకు వేగం అందుకోవడం లేదో తెలియదు. లాక్కెళ్లాల్సి వస్తే డ్రైవ్ చక్రాలు నేల మీద తిరగకుండా ఫ్లాట్‌బెడ్ పిలవండి. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఇంజిన్ తిరిగితేనే ఆయిల్ పంపు తిరుగుతుంది. అది ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. వైరు తెగిన బండికి నిజంగానే గేర్‌బాక్స్ పోయేది అప్పుడే.

అన్నిటికంటే ముందు, నడిపిన మనిషిని అడగండి. ఆ మనిషి మీరే అయితే మీరు చూసింది రాసి పెట్టుకోండి. ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, వానలోనా, ఎత్తు ఎక్కుతుంటేనా, గుంటలోనా. ఎంత ఖరీదైన స్కానరైనా సెన్సర్ చెప్పిందే చెబుతుంది. సెన్సర్ తప్పు చెబుతున్న రోజున ఆ సంగతి పట్టుకోగలిగేది పక్కనే కూర్చున్న మనిషే.

మావయ్య ఇప్పుడు గ్లవ్ బాక్స్‌లో ఒక నోట్‌బుక్ పెట్టుకున్నారు. బస్సు రోజుల్లో డిపోలో రాసిన అలవాటే. తేదీ, కిలోమీటర్లు, ఏం జరిగింది. మొన్న వెళ్లినప్పుడు తీసి చూశాను. చివరి లైనులో ఇలా ఉంది: "ఏసీ వేసినప్పుడు ఎడమవైపు చిన్న చప్పుడు. గంటన్నర తర్వాత మాత్రమే."

ఇంత స్పష్టంగా బగ్ రిపోర్టు రాసేవాళ్లు మా టీమ్‌లో కూడా ఇద్దరో ముగ్గురో ఉంటారు.